చేతులతో నేర్చిన రేడియో

మాటను విద్యుత్తరంగాలుగా మార్చి, తీగల ఆధారం లేకుండా సముద్రాల ఆవలికి పంపడం మానవుడు సాధించిన ఘనవిజయాలలో ఒకటి. ఆ విద్యను జీవనోపాధికి గాక జ్ఞానతృష్ణతో, సేవాభావంతో అభ్యసించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారిని ఔత్సాహిక రేడియో అభ్యాసకులని, వాడుకలో ‘హామ్’లని అంటారు. ఆకాశవాణి వలె వారు జనసామాన్యానికి కార్యక్రమాలు ప్రసారం చేయరు. ఒకరితో ఒకరు సంభాషిస్తారు, ప్రయోగాలు చేస్తారు, ఆపత్సమయాలలో సందేశాలు చేరవేస్తారు. అందుకు ప్రతిఫలం పుచ్చుకొనరు. మన దేశంలో ఈ విధంగా ప్రసారం చేయదలచినవారు కేంద్ర ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందవలసి ఉంటుంది. అప్పుడు వారికి ‘వీయూ’ అనే అక్షరాలతో ఆరంభమయ్యే సంకేతనామం లభిస్తుంది. ఆకాశమార్గంలో వారిని గుర్తుపట్టేది ఆ పేరుతోనే.

ఈ అభ్యాసానికి కావలసిన పరికరాలు రెండు విధాలుగా సమకూరుతాయి. కర్మాగారంలో తయారైన పరికరాన్ని ధర చెల్లించి కొనుక్కోవడం ఒక మార్గం. నిరోధకాలు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, రాగితీగ తెచ్చుకొని ఇంటిలోనే టంకం పెట్టి కూర్చుకోవడం రెండవ మార్గం. ఈ రెండవదానిని హామ్‌లు ‘హోమ్‌బ్రూ’ అంటారు. తెలుగులో స్వయంనిర్మాణం అనవచ్చు. కొన్న పరికరం చూడడానికి ముచ్చటగా, పనిలో నిలకడగా ఉంటుంది. స్వయంగా చేసినది తొలి ప్రయత్నంలో అసలు పలకకపోవచ్చు. అయినా నూరేళ్లకు పైగా ఈ సంప్రదాయం ఎందుకు నిలిచి ఉన్నది? ఇంత శ్రమకు ఫలమేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం దొరకాలంటే ముందు చరిత్రను, తరువాత పరికరపు లోపలి భాగాన్ని పరిశీలించాలి.

రేడియో పుట్టిన నాడు దానిని అమ్మే అంగళ్లు లేవు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ విద్యుదయస్కాంత తరంగాల శక్తిని బహిరంగంగా ప్రదర్శించారు. తీగ సంబంధం లేకుండానే దూరాన ఉన్న గంటను మోగించి, తుపాకిమందును మండించి చూపించారు. అందుకు కావలసిన పరికరాలను ఆయన విదేశాల నుంచి తెప్పించుకోలేదు; స్థానిక పనివారి సాయంతో తాముగా రూపొందించుకొన్నారు. ఆ కాలంలో రేడియో శాస్త్రవేత్త అంటే రేడియో నిర్మాత అనే అర్థం.

ఔత్సాహికుల విషయంలోనూ అంతే. అమెరికాలో 1912లో వచ్చిన రేడియో చట్టం వారిని 200 మీటర్లకు మించని తరంగదైర్ఘ్యాలకే పరిమితం చేసింది. దూరప్రసారానికి పొడవైన తరంగాలే పనికివస్తాయని, పొట్టి తరంగాలు నిరుపయోగమని ఆనాటి పండితుల నమ్మకం. నిరుపయోగమనుకొన్న ఆ భాగాన్నే ఔత్సాహికులు తాము చేసుకొన్న పరికరాలతో శోధించారు. 1921 డిసెంబరులో అమెరికా ఔత్సాహికుల సంకేతాలు స్కాట్లాండులో వినబడ్డాయి. 1923 నవంబరులో సుమారు 110 మీటర్ల తరంగంపై అమెరికా, ఫ్రాన్సు దేశాల ఔత్సాహికులు అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పరస్పరం సంభాషించారు. భూమికి ఎగువన ఉన్న అయనావరణం పొట్టి తరంగాలను తిరిగి భూమి వైపు వంచుతుంది కనుకనే అవి అంత దూరం చేరగలిగాయి. పనికిరాదని విడిచిపెట్టిన చోట గొప్ప నిధి దొరికింది. దానిని వెలికి తీసినది ఇంటి మూలలో కూర్చొని తీగచుట్టలు చుట్టుకొన్నవారే.

మన దేశంలో తొలి ఔత్సాహిక రేడియో లైసెన్సు 1921లో అమరేంద్ర చంద్ర గుప్తకు లభించింది. ఆ తరువాత ఈ అభ్యాసం మెల్లగా వ్యాపించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు ప్రభుత్వం ఔత్సాహికుల లైసెన్సులను రద్దుచేసింది. పరికరం చేయగల చేయి పాలకులకు అనుమానాస్పదంగా తోచింది. ఆ అనుమానం నిరాధారమైనది కాదని తరువాత తేలింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం ఆరంభం కాగానే బొంబాయిలో ఉషా మెహతా, ఆమె సహచరులు రహస్యంగా కాంగ్రెస్ రేడియోను నడిపారు. పత్రికల నోరు కట్టివేసిన ఆ రోజులలో ఉద్యమవార్తలను 42.34 మీటర్ల తరంగంపై దేశానికి వినిపించారు. పోలీసుల కంటబడకుండా ప్రసారకేంద్రాన్ని ఒక చోటి నుంచి మరొక చోటికి మారుస్తూ వచ్చారు. 1942 నవంబరులో వారు పట్టుబడ్డారు. ఉషా మెహతా 1946 వరకు కారాగారంలో గడిపారు. రేడియో సాంకేతికం తెలిసిన కొద్దిమంది తోడ్పాటు లేకపోతే ఆ స్వరం వినబడేదే కాదు. 42.34 మీటర్లు అంటే సుమారు 7.1 మెగాహెర్ట్జ్‌లు. ప్రపంచమంతటా హామ్‌లు ‘నలభై మీటర్ల పట్టీ’ అని పిలుచుకొనే తరంగశ్రేణిలోకే అది వస్తుంది.

కాలం గడిచినకొద్దీ కర్మాగారాలలో తయారైన మేలైన పరికరాలు అంగళ్లకు వచ్చాయి. ప్రసారిణి, గ్రాహకం ఒకే పెట్టెలో ఇమిడిన ‘ట్రాన్సీవర్లు’ సంపన్న దేశాల హామ్‌లకు అలవాటయ్యాయి. మన వంటి దేశాలలో మాత్రం దిగుమతి చేసుకొన్న ట్రాన్సీవరు ధర సామాన్య ఉద్యోగికి, విద్యార్థికి అందేది కాదు. లైసెన్సు చేతికి వచ్చినా పరికరం లేక మౌనంగా ఉండిపోవలసిన పరిస్థితి. స్వయంనిర్మాణానికి పూనుకొందామంటే మరొక చిక్కు ఎదురయ్యేది. విదేశీ పత్రికలలో వచ్చే పటాలు చక్కగా ఉండేవి గాని, వాటిలో సూచించిన విడిభాగాలు మన బజారులో దొరికేవి కావు. ముఖ్యంగా తీగ చుట్టడానికి వాడే గాజు ఆకారపు ఫెరైట్ వలయాలు, ఇనుపపొడి వలయాలు దొరకక ఎన్నో ప్రయత్నాలు మధ్యలోనే ఆగిపోయేవి.

ఈ చిక్కుకు ఒక పరిష్కారం హైదరాబాదు నుంచి వచ్చింది. ఆ నగరానికి చెందిన అష్‌హర్ ఫర్హాన్ అనే హామ్ 2000 దశకం తొలినాళ్లలో ‘బిట్‌ఎక్స్’ అనే ట్రాన్సీవరును రూపొందించారు. ఆయన సంకేతనామం వీయూ2ఈఎస్ఈ. 14 మెగాహెర్ట్జ్‌ల శ్రేణిలో సుమారు 6 వాట్ల శక్తితో మాటను ప్రసారం చేయగల పరికరమది. రూపకర్త ఆలోచన దొరకని భాగం నుంచి గాక దొరికే భాగం నుంచి మొదలయింది. చౌకగా లభించే బీసీ 547 వంటి సాధారణ ట్రాన్సిస్టర్లు, టెలివిజను ఆంటెన్నాలకు వాడే బాలన్ దిమ్మలు, డిజిటల్ పరికరాల కోసం అంగళ్లలో అమ్మే 10 మెగాహెర్ట్జ్‌ల స్ఫటికాలు ఆయనకు ముడిసరుకు అయ్యాయి. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్సు బజారులో దొరికే సరుకే ఇది.

అన్నింటిలో ఆలోచింపజేసేది నైలాను వాషరు ముచ్చట. కుళాయి నుంచి నీరు కారకుండా బిగించే వాషరును ఫర్హాన్ తీగ చుట్టే వలయంగా ఉపయోగించారు. ఇది కేవలం గతిలేక చేసిన పని కాదు. ఫెరైట్ దిమ్మ మీద చుట్టిన తీగచుట్ట వేడెక్కినప్పుడు దిమ్మ అయస్కాంత గుణం మారి, చుట్ట విలువ కూడా మారుతుంది. నైలానుకు అయస్కాంత గుణం లేదు. కనుక ఆ బెడద లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. పదార్థగుణం తెలిసినవానికి పెరటి చెట్టే మందయింది. ఆ తెలివిడి లేనివానికి కుళాయి వాషరు కుళాయి వాషరుగానే కనబడుతుంది.

బిట్‌ఎక్స్ పనితీరును అర్థం చేసుకోవాలంటే రేడియోకు మూలమైన మూడు సూత్రాలు తెలియాలి. మొదటిది అనునాదం. ఊయలను దాని ఊపుకు అనుగుణంగా నెడితే కొద్దిపాటి బలంతోనే అది ఎత్తుగా ఊగుతుంది; వేళ తప్పి నెడితే ఆగిపోతుంది. తీగచుట్టను, కెపాసిటరును కలిపితే ఏర్పడే వలయం కూడా ఒక ఊయల వంటిదే. ఆంటెన్నాకు తాకే వేలాది తరంగాలలో తన ఊపుతో సరిపోలిన తరంగానికే అది స్పందిస్తుంది. ఉదాహరణకు 5 మైక్రోహెన్రీల తీగచుట్టను 100 పికోఫారడ్‌ల కెపాసిటరుతో కలిపితే ఆ వలయం సుమారు 7.1 మెగాహెర్ట్జ్‌ల వద్ద అనునాదం చెందుతుంది. అంటే సెకనుకు 71 లక్షల డోలనాలన్న మాట. భౌతికశాస్త్రంలో చదివిన సూత్రం ఇక్కడ చెవికి వినబడే సత్యమవుతుంది.

రెండవది మిశ్రమం. తంబురా తీగలు రెండింటికి శ్రుతి పూర్తిగా కలవనప్పుడు వాటి నాదంలో అలల వంటి ఒక కదలిక వినబడుతుంది. రెండు స్వరాల పౌనఃపున్యాల మధ్య ఉన్న భేదమే ఆ కదలిక. దీనిని పోలిన పనిని రేడియోలో మిశ్రమకం చేస్తుంది. వచ్చే తరంగాన్ని, పరికరంలోనే పుట్టించిన మరొక తరంగాన్ని కలిపి, వాటి భేదాన్ని వెలికి తీస్తుంది. బిట్‌ఎక్స్‌లో ఆంటెన్నా నుంచి 14.2 మెగాహెర్ట్జ్‌ల సంకేతం వచ్చిందనుకొందాం. లోపలి డోలకం 4.2 మెగాహెర్ట్జ్‌ల తరంగాన్ని పుట్టిస్తుంది. రెండింటి భేదం సరిగ్గా 10 మెగాహెర్ట్జ్‌లు. వినదలచిన కేంద్రం మారితే డోలకాన్ని మారుస్తారు. భేదం మాత్రం ఎప్పుడూ 10 మెగాహెర్ట్జ్‌లుగానే ఉంటుంది.

మూడవది వడపోత. ఆ 10 మెగాహెర్ట్జ్‌ల వద్ద ఒకే రకపు స్ఫటికాలను నిచ్చెనమెట్ల వలె అమర్చి ఒక జల్లెడ కడతారు. మాటకు కావలసిన రెండున్నర, మూడు కిలోహెర్ట్జ్‌ల వెడల్పును మాత్రమే అది పోనిచ్చి, ఇరుగుపొరుగు కేంద్రాలను అడ్డుకొంటుంది. చివర మరొక 10 మెగాహెర్ట్జ్‌ల డోలకంతో కలిపితే భేదంగా మిగిలేది మనిషి గొంతు. ఇక బిట్‌ఎక్స్‌లోని విశేషం దాని వర్ధకాలలో ఉన్నది. ఇవి రెండు దిశలలోనూ పనిచేస్తాయి. వినేటప్పుడు సంకేతం ఆంటెన్నా నుంచి లోపలికి వస్తుంది; మాట్లాడేటప్పుడు అదే దారిలో వెనుకకు నడిచి ఆంటెన్నాను చేరుతుంది. ఒకే బాట రాకకూ పోకకూ ఉపయోగపడడంతో విడిభాగాల సంఖ్య, ఖర్చు తగ్గాయి.

ఈ నిర్మాణ వివరాలను ఫర్హాన్ దాచుకోలేదు. పటాన్ని, కొలతలను, ప్రతి భాగం ఎందుకు పెట్టారో వివరించే పాఠాన్ని అందరికీ ఉచితంగా అందించారు. దేశదేశాల ఔత్సాహికులు దానిని నిర్మించారు; తమకు తోచిన మార్పులు చేసి, వాటిని తిరిగి లోకానికి పంచారు. భారతంలో ఏకలవ్యుడు గురువు ప్రతిమ ఎదుట నిలిచి ఒంటరిగా విలువిద్య నేర్చుకొన్నాడు. స్వయంనిర్మాణంలో అడుగిడిన విద్యార్థి కూడా తన గదిలో ఒంటరిగానే పనిచేస్తాడు. కాని అతనిది ఏకలవ్యుని దుర్గతి కాదు. ఇక్కడ బొటనవ్రేలు అడిగే గురువు లేడు. సందేహం తీర్చే సహచరులు ఎందరో ఉన్నారు.

ఇటువంటి నిర్మాణం మొదలుపెట్టదలచినవారు ఒక్కసారిగా ట్రాన్సీవరుకు పూనుకోరాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రేడియో చేయడమూ ఆ కోవలోనిదే, ఓర్పు అవసరం. తొలి మెట్టు చిన్న గ్రాహకం. అందులోనూ ‘డైరెక్టు కన్వర్షన్’ గ్రాహకం సులభమైనది. 7100 కిలోహెర్ట్జ్‌ల వద్ద మోర్సు సంకేతం వస్తున్నదనుకొందాం. లోపలి డోలకాన్ని 7100.7 కిలోహెర్ట్జ్‌ల వద్ద ఉంచితే భేదం 0.7 కిలోహెర్ట్జ్, అంటే 700 హెర్ట్జ్‌లు. అది చెవికి ఇంపైన ఈలగా వినబడుతుంది. ఒక డోలకం, ఒక మిశ్రమకం, ఒక శబ్దవర్ధకం ఉంటే చాలు. ఖండాంతరాల సంకేతాలు వినవచ్చు.

ఆంటెన్నాకు పెద్ద ఖర్చు లేదు. అర్ధతరంగ డైపోల్ పొడవు మీటర్లలో కావాలంటే 143ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగించాలి. 7.1 మెగాహెర్ట్జ్‌లకు సుమారు 20 మీటర్లు వస్తుంది. రాగితీగను 10 మీటర్ల చొప్పున రెండు ముక్కలు చేసి, నడుమ ఒక బంధకం పెట్టి, మేడ మీది నుంచి చెట్టు వరకు కట్టవచ్చు. డైపోల్ నడుమ ఉండే నిరోధం రమారమి 70 ఓములు. కేబుల్ టెలివిజనుకు వాడే తీగ విలువ 75 ఓములు. కనుక ఆ తీగనే గ్రాహకానికి తెచ్చుకోవచ్చు. ఆంటెన్నా కట్టేటప్పుడు కరెంటు తీగలకు మాత్రం చాలా దూరంగా ఉండాలి. ఉరుములు, మెరుపుల వేళ ఆంటెన్నాను పరికరం నుంచి విడదీయాలి. ఈ రెండు జాగ్రత్తలు ప్రాణరక్షకాలు.

పనిముట్లు కూడా కొద్దివే: సన్నని మొన గల 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్, టంకపు తీగ, కటింగ్ ప్లేయర్, మల్టీమీటరు, 12 వోల్టుల విద్యుత్తు. ముద్రిత వలయ ఫలకం చేయించుకొనే స్తోమత లేనివారు రాగిరేకు అతికించిన ఫలకాన్ని నేలగా భావించి, నేలకు కలపవలసిన కాళ్లను దానికే అతికి, మిగిలిన భాగాలను గాలిలోనే ఒకదానికొకటి కలుపుతారు. చూపుకు అందవికారంగా ఉన్నా ఈ పద్ధతి రేడియో తరంగాలకు ఎంతో అనుకూలం. విశాలమైన రాగినేల వలన అవాంఛిత డోలనాలు తగ్గుతాయి. టంకం పెట్టేటప్పుడు వచ్చే పొగను పీల్చరాదు. కిటికీ తెరచి పనిచేయాలి. పని ముగిశాక చేతులు కడుక్కోవాలి.

నిర్మాణంలో పాటించవలసిన ముఖ్యనియమం ఒకటున్నది. అన్నీ కూర్చి చివర మీట నొక్కడం తగదు. ఒక్కొక్క భాగం కట్టి, దానిని పరీక్షించి, సరిగా ఉన్నదని తేలిన తరువాతే తదుపరి భాగానికి పోవాలి. ప్రసారిణిని పరీక్షించేటప్పుడు ఆంటెన్నా బదులు కృత్రిమ భారాన్ని తగిలిస్తారు. ఒక వాటు తట్టుకొనే 1000 ఓముల కార్బన్ నిరోధకాలను 20 తీసుకొని సమాంతరంగా కలిపితే 50 ఓముల భారం తయారవుతుంది. అది 20 వాట్ల శక్తిని వేడిగా మార్చి తనలోనే ఇముడ్చుకొంటుంది. పొరపాటున తప్పుడు తరంగం పుట్టినా ఇల్లు దాటి వెలుపలికి పోదు. ఆకాశం అందరి ఉమ్మడి ఆస్తి. 7 మెగాహెర్ట్జ్‌ల ప్రసారిణి తన వెంట 14, 21 మెగాహెర్ట్జ్‌ల నీడలను కూడా పుట్టిస్తుంది. వాటిని అడ్డుకొనే వడపోతను అమర్చడం నిర్మాతకు చట్టం విధించిన బాధ్యతే కాదు, పొరుగువారి పట్ల మర్యాద కూడా.

ఇన్ని జాగ్రత్తలు పాటించినా వైఫల్యాలు తప్పవు. వర్ధకం చేస్తే డోలనం చేస్తుంది, డోలకం చేస్తే డోలనం చేయదు అని నిర్మాతలలో ఒక చమత్కారం ఉన్నది. వైఫల్యంలోనే అసలు విద్య దాగి ఉన్నది. డోలకం నిలకడ తప్పడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. కెపాసిటరు విలువ నూటికి ఒక వంతు మారితే 7 మెగాహెర్ట్జ్‌ల డోలకం సుమారు 35 కిలోహెర్ట్జ్‌లు జరిగిపోతుంది. మనిషి మాట ఆక్రమించేది 3 కిలోహెర్ట్జ్‌లలోపే. కనుక ఫ్యాను గాలి సోకినా, అరచేయి దగ్గరకు వచ్చినా ఎదుటివారి గొంతు వికృతంగా మారుతుంది. అప్పుడు నిర్మాత కారణం వెదుకుతాడు. వేడికి చలించని కెపాసిటరును ఎంచుకొంటాడు. డోలకాన్ని లోహపు డబ్బాలో మూస్తాడు. సరఫరా వోల్టేజిని స్థిరపరుస్తాడు. ఒక్కొక్క దిద్దుబాటుతో ఉష్ణం, విద్యుత్తు, పదార్థం అనే మూడింటికీ గల సంబంధం అతనికి బోధపడుతుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివి మరచిపోయేది జీవితకాలం గుర్తుండే అనుభవంగా మారుతుంది.

ఈ విద్య వినోదానికే పరిమితం కాదని ఆపదలు నిరూపించాయి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షాన భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ దీవులకు వెళ్లింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచ హామ్‌లతో సంభాషించడం వారి ఉద్దేశం. డిసెంబరు 26 ఉదయం భూకంపం, వెనువెంటనే సునామీ వచ్చాయి. సమాచార సాధనాలు దెబ్బతిన్న ఆ సమయంలో ఆ బృందం తన సరదా కార్యక్రమాన్ని ఆపి, ద్వీపవాసుల క్షేమసమాచారాలను ప్రధానభూమికి చేరవేసే పనిలో మునిగింది. అంతకు ముందు 2001 గుజరాత్ భూకంప సమయంలోనూ హామ్‌లు సేవలందించారు. విపత్తు వేళ మరమ్మతుకు అంగడి తెరచి ఉండదు. తెగిన ఆంటెన్నాను లెక్క ప్రకారం మళ్లీ కట్టగలవారు, కారు బ్యాటరీతో కేంద్రాన్ని నడపగలవారు, కాలిపోయిన భాగాన్ని గుర్తించి మార్చగలవారు అప్పుడు కావాలి. అటువంటి నేర్పు అప్పటికప్పుడు పుట్టుకురాదు. శాంతికాలంలో బల్ల ముందు కూర్చొని గడిపిన గంటలే ఆపత్కాలంలో అక్కరకు వస్తాయి.

స్వయంనిర్మాణం నేల మీదనే ఆగిపోలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా ఔత్సాహికులు స్వయంగా నిర్మించిన ‘ఆస్కార్ 1’ అనే ఉపగ్రహం 1961 డిసెంబరు 12న కక్ష్యకు చేరింది. బరువు సుమారు నాలుగున్నర కిలోలు. మోర్సు భాషలో ‘హెచ్ఐ’ అనే రెండు అక్షరాలను పంపుతూ అది మూడు వారాలు పనిచేసింది. మొదటి కృత్రిమ ఉపగ్రహం వెలువడిన నాలుగేళ్లకే ఔత్సాహికులు ఈ పని సాధించారు. మన దేశంలో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ6 వాహకం ద్వారా ‘హామ్‌శాట్’ను పంపింది. 42.5 కిలోల ఆ ఉపగ్రహంలోని రెండు ప్రసార పరికరాలలో ఒకదానిని భారతీయ ఔత్సాహికులు, మరొకదానిని నెదర్లాండ్స్‌కు చెందిన ఒక విద్యార్థి హామ్ రూపొందించారు. అది 2014 వరకు ప్రపంచ హామ్‌లకు సేవ చేసింది. గదిలో చేసిన పని తొమ్మిదేళ్లు ఆకాశంలో నిలిచిందన్న మాట.

కాలంతోపాటు నిర్మాణ పద్ధతులు మారాయి. నేడు నిలకడ తప్పే డోలకం స్థానంలో ఎస్ఐ 5351 వంటి చిన్న చిప్, దానిని నడిపించే ఆర్డుయినో వంటి ఫలకం వచ్చాయి. హైదరాబాదు నుంచే 2016లో ‘బిట్‌ఎక్స్ 40’, 2017లో ‘మైక్రో బిట్‌ఎక్స్’ ఫలకాలు వెలువడి అనేక దేశాలకు చేరాయి. వాటిలోని తీగచుట్టలను చేతితో చుట్టి, ఫలకాలను సిద్ధం చేసిన పనిలో స్థానిక మహిళల పాత్ర ఉన్నది. తీగచుట్టలు, స్ఫటికాలు చేసే పనిలో కొంత భాగాన్ని ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాము చేయగలుగుతున్నది. దీనివలన స్వయంనిర్మాణం అంతరించిందని కొందరు భావిస్తారు. నిజానికి పనిముట్టు మారింది గాని పని మారలేదు. ప్రోగ్రాము రాసుకొన్నవాడూ నిర్మాతే. ఎందుకు పనిచేస్తున్నదని అడిగే బుద్ధి ఉన్నంతకాలం ఈ సంప్రదాయానికి లోటు లేదు.

నేటి విద్యార్థి చుట్టూ ఉన్న యంత్రాలలో అధికభాగం మూత తెరవడానికి వీలులేనివి. చెడిపోతే పారవేయడం, కొత్తది కొనడం అలవాటయింది. చేతిలో ఉన్న సెల్‌ఫోను ప్రపంచంలో ఏ మూలకైనా మాట చేర్చగలదు. కాని అది ఎలా చేర్చుతున్నదో తెలియనివాడు ఆ సాధనం మూగబోయిన నాడు నిస్సహాయుడవుతాడు. ఆ నిస్సహాయత ఒక వ్యక్తికే కాక జాతికీ వర్తిస్తుంది. వాడే వస్తువులన్నింటికీ ఇతరుల జ్ఞానం మీద ఆధారపడిన సమాజం ఎంత సంపన్నమైనదైనా బలహీనమైనదే.

స్వయంగా చేసిన రేడియో విలువను దానిలోని విడిభాగాల ధరతో లెక్కించలేము. ఆ పని తెలిసిన చేతికి ఎదురుగా ఉన్న వస్తువు గుణం తెలుస్తుంది. తెలిసినదానిని పంచుకొనే గుణం అలవడుతుంది. తప్పును కప్పిపుచ్చక కారణం వెదికే ఓర్పు సిద్ధిస్తుంది. శాస్త్రాన్ని పరీక్షకోసం చదివేవారికి మార్కులు వస్తాయి. దానిని ఒకసారి చేతులతో చేసి చూచినవారికి, ఆ శాస్త్రం తమ సొంతమవుతుంది. ఒక చిన్న గ్రాహకంతో, పది మీటర్ల రెండు తీగ ముక్కలతో ఆ పనిని ఏ విద్యార్థి అయినా ప్రారంభించవచ్చు.